ఓబులమ్మ వాంగ్మూలం

జైల్లో ఇంత చలి ఉంటుందని ఓబులమ్మకు ఎవరూ చెప్పలేదు. జైలంటే ఉక్కపోత, దోమలు, గోడ మీద బొగ్గుగీతలు అనుకుంది. ఇక్కడేమో నెత్తి మీద ఏసీ బుసలు కొడుతోంది, ఆపడానికి స్విచ్చు లేదు, అది కింది అంతస్తులో ఎవరి చేతిలోనో ఉందట, కప్పుకుందామంటే శాలువా కోడలు తీసేసుకుంది, "ఖైదీకి శాలువా ఉండదు అత్తమ్మా, రియలిస్టిక్‌గా ఉండాలి" అని. రియలిస్టిక్ అంటే ఏమిటో ఓబులమ్మకు సరిగా తెలియదు గానీ, ఆ మాట వినబడినప్పుడల్లా తన దగ్గరున్నది ఏదో ఒకటి పోతుందని మాత్రం అర్థమైంది. ఇది నిజం జైలు కాదు, ఆ సంగతి గుర్తుచేసుకుంటూ కూర్చోవాలి, లేకపోతే ఏడుపొచ్చేలా ఉంది. సింగపూర్‌లో, తంజోంగ్ పగార్ అనే చోట కోడలు సుచిత్ర పనిచేసే ఆఫీసు, వెనకవైపు విరిగిన కుర్చీలూ పాత ప్రింటర్లూ పడేసే గది. వాటిని మూలకు నెట్టి, పైన నల్లగుడ్డ కప్పి, నేల మీద పల్చటి పరుపు వేసి, ఒక ఎర్ర బక్కెట్టు పెట్టి జైలన్నారు. బక్కెట్టు మీద ధర చీటీ ఇంకా అలాగే ఉంది. ఓబులమ్మ గోటితో గీకి చూసింది, రాలేదు. ఈ దేశంలో చీటీలు కూడా అంటించిన చోటు నుంచి కదలవు.

సుచిత్ర ఉద్యోగం ఏమిటని ఎవరైనా అడిగితే ఓబులమ్మ మొదట్లో "జైళ్ళు చూసేవాళ్ళకు పంతులమ్మ" అని చెప్పేది, దాంతో ఇంటి దగ్గర పాసిర్ రిస్ పార్కులో నడకకు వచ్చే తెలుగు ఆడవాళ్ళు ఆమె కనబడగానే కోడళ్ళ మీద చెప్పుకునే మాటలు ఆపేసి వాతావరణం గురించి మొదలుపెట్టేవాళ్ళు, ఈ ఊళ్ళో వాతావరణం ఏముంది, పొద్దున ఎండ, మధ్యాహ్నం వాన, అదొక కబురా. అసలు సంగతేమంటే దేశదేశాల్లో మానవ హక్కుల కమిషన్లు ఉంటాయట, జైళ్ళలో, పోలీసు స్టేషన్లలో మనుషుల్ని ఎలా చూస్తున్నారో వెళ్ళి చూడడం, అడగడం, రాయడం వాళ్ళ పని, ఆ అడగడం ఎలాగో నేర్పడం సుచిత్ర పని. అడగడానికి కూడా బడి ఉంటుందా అని ఓబులమ్మ ఆశ్చర్యపోయింది, మరి ఇంట్లో... సరేలే, ఇల్లు వేరు. ఈ వారం వచ్చినవాళ్ళు మధ్య ఆఫ్రికాలో ఒక దేశం వాళ్ళు. ఆ దేశం పేరు బయట అనకూడదు, వాళ్ళ క్షేమం కోసమట, అందుకని అన్నాల దగ్గర కొడుకు చంటి, కోడలు "వాళ్ళు" అనే చెప్పుకుంటారు, పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళ గురించి చెప్పుకున్నట్టు. వాళ్ళ కమిషన్ ఇన్నాళ్ళూ జైలుకు పోవాలంటే ముందు ఉత్తరం రాయాలట. ఉత్తరం అందగానే గోడలకు సున్నం, ఖైదీలకు తలా ఒక సబ్బు. కమిషన్ వాళ్ళు చూసి బాగుందని రాసుకొని పోగానే సబ్బులన్నీ తిరిగి వసూలు. ఆ మాట విన్నాక ఓబులమ్మకు ముద్ద దిగలేదు. వాడిన సబ్బా, వాడనిదా? తడిగా ఉంటే ఆరబెట్టి తీసుకుంటారా? సుచిత్రకు ఆ వివరం తెలియదు. అంత చదువు చదివి అసలు సంగతి కనుక్కోలేదు అనుకుంది ఓబులమ్మ. కానీ అది ఆమెకు కొత్తేమీ కాదు. మొగుడు రమణ జమ్మలమడుగు డిపోలో బస్సు డ్రైవరుగా ఉన్నప్పుడు పెద్దాఫీసరు తనిఖీకి వస్తున్నాడంటే సీట్లకు కొత్త గుడ్డలు వేసేవాళ్ళు, ఆయన కారు గేటు దాటగానే ఊడబీకేవాళ్ళు, ఒకసారి సీట్లో కూర్చున్న పెద్దమనిషిని లేపి మరీ ఊడబీకితే ఆయన ప్రొద్దుటూరు దాకా నిలబడే తిట్టుకుంటూ పోయాడట, రమణ ఆ తిట్లన్నీ ఇంటికి మోసుకొచ్చి రాగం తీసి వినిపించి నవ్వించాడు. పోయిన మనిషి, ఆ తిట్లు మాత్రం నిన్న విన్నట్టుంది.

ఇప్పుడు వాళ్ళ దేశంలో కొత్త చట్టం వచ్చిందట, ఉత్తరం లేకుండా ఎప్పుడు కావాలంటే అప్పుడు జైలు తలుపు తట్టొచ్చు. మొట్టమొదట తట్టబోయేవాళ్ళు ఈ వచ్చినవాళ్ళే. సరిగా అడగడం వచ్చిందని సుచిత్ర ఒప్పుకుంటేనే పంపుతారు. "వీళ్ళు తప్పుగా అడిగితే దెబ్బలు వీళ్ళకు తగలవు అత్తమ్మా, లోపలున్నవాళ్ళకు తగుల్తాయి," అని సుచిత్ర చెప్పినప్పుడు మాత్రం ఓబులమ్మ నోట్లో హాస్యం ఆగిపోయింది. ఖైదీ వేషం వేయాల్సిన నాటకాల పిల్లకు జ్వరం వచ్చింది. ఇంగ్లీషు రాని మనిషి కావాలి, మధ్యలో దుబాసీని పెట్టుకొని మాట్లాడడం కూడా వాళ్ళు నేర్చుకోవాలి కాబట్టి. ఇంగ్లీషు రాని మనిషి సింగపూర్‌లో ఎక్కడ దొరుకుతుంది అని తల పట్టుకున్న సుచిత్ర, చారు వడ్డిస్తున్న అత్తను చూసి గరిటె ఆగేదాకా చూస్తూ ఉండిపోయింది, సరిపోయే గిన్నె అటక మీద కనబడ్డట్టు. అత్తకు వేషం పేరు మార్గరీత్. సంతలో ఎండుచేపలు అమ్ముకునే మనిషి, సంతపన్ను పెంచితే అందరితో కలిసి కేకలు వేసింది, పట్టుకొచ్చి అరికాళ్ళ మీద కొట్టారు. కాపలావాడు దగ్గరుంటే పడ్డానని చెప్పాలి, వాణ్ణి బయటికి పంపి నెమ్మదిగా అడిగితేనే నిజం చెప్పాలి. "మార్గరీత్‌కు పిల్లలెంతమంది?" అని ఓబులమ్మ అడిగితే, "అదంతా అక్కర్లేదు అత్తమ్మా" అంది సుచిత్ర. "పిల్లలున్నదానికి ఒక భయం, లేనిదానికి ఇంకో భయం. ఎట్ల అక్కర్లేదు?" ఆ రాత్రి సుచిత్ర మార్గరీత్‌కు ఇద్దరు పిల్లల్ని ఇచ్చి పడుకుంది. మనవరాలు ప్రణవి మాత్రం పొద్దున బడికి పోతూ, "జేజీ, ఓవర్‌యాక్టింగ్ చేయొద్దు లా" అని ఈ ఊరి యాసలో హెచ్చరించింది.

తలుపు మీద చిన్నగా తట్టిన చప్పుడు. సెల్వం. కింద గేటు దగ్గర ఉండే సెక్యూరిటీ మనిషి, ఇవాళ ఒక పూటకు జైలరు. తలుపు తట్టి లోపలికి వచ్చే జైలరు ఏ దేశంలో ఉంటాడు? తల మాత్రం లోపలికి పెట్టి, "అమ్మా, టీ వేణుమా?" అన్నాడు, అరవంలో. వద్దని చేయి ఊపింది. పాపం ఒకసారి నిజంగా కసరమని సుచిత్ర చెప్పి చూసింది, అతను "ఏయ్" అని, వెంటనే రెండు చేతులూ జోడించాడు. జైలు కూడు అని ఒక రేకు పళ్ళెంలో చప్పటి గంజి, రెండు ఉడికిన ఆకులు పెట్టారు, వాళ్ళు వచ్చి చూసి రాసుకోవాలట. ఆ పళ్ళెం ఇప్పుడు ఖాళీగా ఉంది. ఏం చేస్తుంది, చలికి ఆకలేసింది, అన్నం ముందు పెట్టుకొని చూస్తూ కూర్చోవడం ఆమెకు చేతకాదు, ఉప్పు లేకపోయినా తాగేసింది. సాక్ష్యం తినేశారా అత్తమ్మా అంటుంది సుచిత్ర. అననీ. ఇంట్లో అయితే తినకపోతే అంటారు, "తినవేంమా, నీరసపడిపోతావు" అని చంటి, కంచంలో చెయ్యి అడ్డం పెట్టినా వేళ్ళ సందుల్లోంచి నెయ్యి పోస్తాడు, వాళ్ళ నాన్న లాగానే, ప్రేమ ఎక్కువైతే వినబడదు వాళ్ళ వంశానికి. బంగారంలాంటి పిల్లాడు. రాఫెల్స్ ప్లేస్‌లో బ్యాంకులో కంప్యూటర్ల పని, అందరికీ అన్నీ ముందే సర్దిపెడతాడు, గొడుగు, మందులు, రైలు కార్డు. ఈ సాయంత్రం ఇంటికి పోగానే ఇంకో కాగితం ముందు పెడతాడు. ఆమె ఇక్కడ ఉండడానికి ఇచ్చిన పాసు అయిపోతోంది, ఇంకో రెండేళ్ళకు పొడిగించాలి. ఎక్కడ సంతకం చేయాలో వేలితో చూపిస్తాడు. ఆమె చేస్తుంది. అంతే, రెండేళ్ళు. రాత్రిబడిలో నడివయసులో పలక పట్టుకొని, చాకిరీ అయ్యాక కళ్ళు మూతలుపడుతుంటే దిద్ది దిద్ది నేర్చుకున్న సంతకం, మొదటి అక్షరం ‘ఓ’ చుట్టడానికే ఒక వారం పట్టింది, దానికి ఇప్పుడు చోటు చూపించే వేలుంది గానీ, చేస్తావా అని అడిగే నోరు లేదు.

ఉండాలనుందా, పోవాలనుందా? అదే తెలియదు. ఊరు గుర్తొస్తుంది, అక్కడ నోరు తెరిస్తే మాట తనంతట తానే వస్తుంది, ఇక్కడ ముందు ఏ మాట పనికొస్తుందో వెతుక్కోవాలి. అట్లని ఇక్కడ బాగాలేదని కాదు. బ్లాకు కింద నడవాలో చైనా ముసలమ్మ ఒకతె రోజూ కూర్చుంటుంది, ఇద్దరికీ ఒకరి మాట ఒకరికి రాదు, ఓబులమ్మ మోకాలు చూపిస్తే ఆమె నడుము చూపిస్తుంది, గంట గడిచిపోతుంది. సముద్రం గాలి ఉంది, రెండంతస్తుల బస్సు ఉంది, పైన పసిపిల్లలా ముందు సీట్లో కూర్చోవచ్చు. పోతానంటే మనవరాలి మొహం ఎట్ల చూడాలో, ఉంటానంటే ఊళ్ళో ఆడబిడ్డకు ఏం చెప్పాలో. రెండూ కష్టమే, రెండూ ఇష్టమే. కానీ ఆ కష్టం తనది కదా, తనే పడాలి కదా, చంటి వచ్చి తీసేసుకున్నాడు, బరువు సంచి చేతిలోంచి లాక్కున్నట్టు. పాస్‌పోర్టు కూడా అట్లనే. "నీ దగ్గరుంటే బియ్యం డబ్బాలో పెట్టి మర్చిపోతావు" అని తన బీరువాలో పెట్టుకున్నాడు. బియ్యం డబ్బాలో పెట్టేదే, అది నిజమే, కానీ మర్చిపోయేది కాదు. ఒంటరిగా రైలెక్కడం కూడా మాన్పించారు, ఆ తుఆస్ సంగతి అయినప్పటి నుంచి. ఆ రోజు ఏమైంది? పాసిర్ రిస్‌లో ఎక్కింది, తాంపినీస్‌లో దిగాలి, కిటికీ బాగుంది, దిగలేదు. దిగకపోతే రైలు ఎక్కడిదాకా పోతుందో చూద్దామనిపించింది, అది ఊరు ఈ కొస నుంచి ఆ కొసకు పోయి తుఆస్‌లో ఆగింది. అక్కడ షిప్‌యార్డు బూట్లేసుకున్న మగపిల్లలు తెలుగులో తిట్టుకుంటూ వస్తున్నారు, మైదుకూరు దగ్గరి వాళ్ళు, ఎంత హాయిగా ఉన్నాయో ఆ తిట్లు. "అవ్వా, నీ పాస్‌పోర్టు యాడుండాది?" అన్నాడొకడు. నా కొడుకు దగ్గర అంటే, "మావి మా దగ్గరే ఉండాయి, ఇంకోరు పెట్టుకోకూడదంట ఈడ" అని గర్వంగా జేబు తట్టి చూపించాడు. వాళ్ళే మళ్ళీ రైలెక్కించారు. ఇంటికొచ్చేసరికి చంటి పోలీసులకు ఫోను చేసి, చెమటలు కక్కుతున్నాడు. తప్పిపోయావంటారు అందరూ. తానెక్కడ తప్పిపోయింది? సీట్లోనే ఉంది. వాళ్ళకు కనబడలేదు, అంతే.

అడుగుల చప్పుడు. ఓబులమ్మ గబగబా మార్గరీత్ అయిపోయి మోకాళ్ళు ముడుచుకొని కూర్చుంది. ముందు ఒక కుర్రాయన దూసుకొచ్చాడు, మెరిసే బూట్లు, చేతిలో అట్ట, పేరు బొనవెంచర్. వెనక నెమ్మదిగా ఒక పెద్దావిడ, ఓబులమ్మ ఈడుదే, పూలపూల గౌను, తలకు అదే గుడ్డ, పేరు మదాం ఎలోడీ. వాళ్ళ వెనక దుబాసీ. ప్రసన్నలక్ష్మి! పక్క బ్లాకు ప్రసన్నలక్ష్మి, తెనాలి వైపు మనిషి, లిఫ్టులో కింది నుంచి పైకి పోయేలోపల ఒక కాపురం కథ మొత్తం చెప్పగలిగిన మనిషి. ఇంకెవరూ దొరకలేదా సుచిత్రకు? బొనవెంచర్ తలుపు దగ్గరి నుంచే, సెల్వం పక్కనుండగానే, నిన్ను కొట్టారా అని అడిగేశాడు. ఓబులమ్మ వేషం ప్రకారం "పడినా సామీ" అంది. అతను రాసుకున్నాడు. మదాం ఎలోడీ అతని మోచేయి మీద చేయి వేసింది, సెల్వం వైపు తిరిగి ఏదో అంది, సెల్వం బతుకుజీవుడా అని బయటికి పోయి తలుపు వేశాడు. అప్పుడా మనిషి, కుర్చీ చూపించినా వద్దని, అంత గౌనూ సర్దుకొని పరుపు అంచు మీద కింద కూర్చుంది. అట్ల కూర్చునే ఆఫీసరును ఓబులమ్మ ఇంతవరకు చూడలేదు. తామెవరో చెప్పింది, విడిపిస్తామని మాట ఇవ్వలేమంది, ఇష్టం లేకపోతే మాట్లాడక్కర్లేదంది. ఆ తర్వాత దుబాసీ వంక చూసి ఏదో అడిగింది. ప్రసన్నలక్ష్మి మొహం ఎర్రబడింది. "వదినగారూ... ఆవిడ అడుగుతున్నారండీ... నేను మధ్యలో ఉండడం మీకు పర్వాలేదా అని." ఓబులమ్మ ఆలోచించింది. "చెవి మంచిదే. నోరే." ఉన్నది ఉన్నట్టు చెప్పాలి, ఎక్కువా తక్కువా కాకూడదు, అది నియమం. పాపం చెప్పింది, తన నోటితోనే తన నోరు గురించి. బొనవెంచర్ అది కూడా రాసుకున్నాడు. మదాం ఎలోడీ నవ్వలేదు, మరి ఆమె ఏ ఒట్టు వేస్తే నీకు నమ్మకం అని అడిగింది. "దేవుడి మీద అయితే రోజూ వేస్తాది. ఈ ఏడు పెట్టిన ఆవకాయ మీద వేయమను. ఇక్కడ విన్నది బయట అంటే జాడీకి జాడీ బూజు పట్టాల." "అయ్యో వదినగారూ, అంత మాటా! గుంటూరు కారం అండీ, మా తమ్ముడు విమానంలో మోసుకొచ్చాడు!" అంది ప్రసన్నలక్ష్మి, కానీ వేసింది, కళ్ళు మూసుకొని, వేసి అదంతా ఇంగ్లీషులోకి మార్చడానికి చాలాసేపు పట్టింది.

అరికాళ్ళ సంగతి ఓబులమ్మ బాగానే చెప్పింది, అనుకున్న దానికన్నా మెల్లగా, మార్గరీత్ పిల్లల్ని తలుచుకుంటూ. అయిపోయిందనుకుంటే మదాం ఎలోడీ కదలలేదు. నీ కాగితాలు ఎవరి దగ్గరున్నాయి అంది. ఇది సుచిత్ర చెప్పిన కథలో లేదు. మార్గరీత్ కాగితాలు ఎక్కడుంటాయో ఓబులమ్మకు ఎట్ల తెలుస్తుంది? తెలిసిందే నోటికి వచ్చింది. "నా కొడుకు బీరువాలో." ప్రసన్నలక్ష్మి ఒక్క క్షణం ఆగి, ఆవకాయ గుర్తొచ్చిందేమో, మార్చేసింది. కావాలంటే బయటికి పోగలవా? "ముందు ఫోను చేయాల." కూడు సరిపోతుందా? "అదే బాధమ్మా. చెయ్యి అడ్డం పెట్టినా పోస్తారు." బొనవెంచర్ ఖాళీ పళ్ళెం వైపు చూసి, పెన్ను నములుతూ, మదాం వైపు చూశాడు. ఇంకా ఎంతకాలం ఇక్కడ ఉండాలి? "రెండేండ్లు అంటున్నారు." ఎవరు నిర్ణయించారు? నిన్ను అడిగారా? ఓబులమ్మ జవాబు చెప్పలేదు. ఎవరూ తొందరపెట్టలేదు. ఏసీ బుసలు కొడుతూనే ఉంది. మదాం ఎలోడీ అట్లనే కూర్చుంది, గడియారం చూడలేదు, అట్ట చూడలేదు, ఇంకో ప్రశ్నతో ఆ ఖాళీని నింపలేదు. ఎదురుగా ఒక మనిషి తన మాట కోసమే కూర్చోవడం ఎంత బరువుగా ఉంటుందో, ఎంత బాగుంటుందో. "అడగలేదు," అంది చివరికి. మేము పోయాక, ఇది చెప్పినందుకు నిన్ను శిక్షిస్తారా? "కొట్టరు తల్లీ. ఇంకో గరిటె నెయ్యి వేస్తారు." ప్రసన్నలక్ష్మి అది చెబుతూ చెబుతూ కళ్ళు తుడుచుకుంది, ఎందుకో మరి, ఆమెకూ ఇంట్లో ఒక కొడుకున్నాడు. మేమేం చేయాలి? ఓబులమ్మకు పాస్‌పోర్టు గుర్తొచ్చింది, ఊరు గుర్తొచ్చింది, చైనా ముసలమ్మ నడుము గుర్తొచ్చింది. "నన్ను అడగమని చెప్పండి. అంతే." చెప్పొచ్చా, నీ పేరు రాయొచ్చా, రాయకుండా చెప్పమంటావా అని మళ్ళీ అడిగింది ఆ మనిషి. ఇన్నిసార్లు పర్మిషన్ అడిగినవాళ్ళు ఓబులమ్మ జన్మలో లేరు, పెళ్ళిలో కూడా లేరు. "మార్గరీత్ పేరు తీసేయండి, ఆ పిల్లకు ఇబ్బంది. నా పేరు రాయండి. ఓబులమ్మ."

తర్వాత తలుపు తెరిచి సుచిత్ర వచ్చింది, ముందు ఖాళీ పళ్ళెం చూసింది, "అత్తమ్మా, ఎవిడెన్స్!" అంది, ఆ పైన మదాం ఎలోడీ నిలబడి చెప్పడం మొదలుపెట్టింది. ఇంగ్లీషులో చెప్పింది గానీ, ఎక్కడిదాకా వచ్చిందో ఓబులమ్మ కోడలి మొహంలో చదువుకోగలిగింది: అరికాళ్ళ దగ్గర తల ఊపింది, కాగితాల దగ్గర నుదురు ముడిచింది, నెయ్యి దగ్గర నోరు కొంచెం తెరుచుకుంది. "ఇది... ఇది స్క్రిప్ట్‌లో లేదే." ఓబులమ్మ వంక తిరిగి, "ఏం చెప్పారు అత్తమ్మా..." అని అడగబోయి సగంలో ఆగింది. ఖైదీ ఏం చెప్పిందో ఎవరూ ఖైదీని తిరిగి అడగకూడదు, బెదిరించినట్టవుతుంది. ఆ నియమం ఈ గదిలో నేర్పింది తనే. ప్రసన్నలక్ష్మి వైపు చూసింది. ప్రసన్నలక్ష్మి పెదవులు బిగించి గోడ చూస్తోంది, ఆవిడ నోరు మూసి ఉండగా చూడడం సుచిత్రకు కూడా ఇదే మొదటిసారి. బొనవెంచర్ గొంతు సవరించుకొని, అధికారుల జవాబు రాసుకోవాలి, ఎప్పటిలోగా ఇస్తారు అన్నాడు. సుచిత్ర నవ్వింది, ఆ నవ్వు మధ్యలోనే తేలిపోయింది, నేల మీద, అత్త పక్కనే, ధర చీటీ ఉన్న బక్కెట్టును పక్కకు జరిపి కూర్చుంది. "వాళ్ళు పాస్ అత్తమ్మా. నేనే కాదు," అంది. ఫోను తీసి చంటికి చేసింది, స్పీకర్‌లో పెట్టింది. "చంటీ, ఆ కాగితం ఇవాళ సంతకం పెట్టించొద్దు. నో, నో, ఏం కాలేదు. నువ్వు అత్తమ్మను అడుగు. ఇప్పుడే. ఉంటారా అని అడుగు." అవతల బ్యాంకులో ఎవరో నవ్వుతున్నారు, కీబోర్డులు టకటకలాడుతున్నాయి, చంటి ఎక్కడికో నడుస్తున్నాడు, తలుపు మూసిన చప్పుడు. "అమ్మా... ఏందిమా? నీకు ఈడ ఉండాలని లేదా?" "అట్ల కాదు నాయనా అడిగేది," అంది ఓబులమ్మ. చిన్నప్పుడు తప్పు చేసినప్పటి గొంతుతో, "అమ్మా, ఉంటావా, పోతావా? నీ ఇష్టం," అన్నాడు.

గదిలో అందరూ ఆమెనే చూస్తున్నారు. సెల్వం కూడా తలుపు సందులోంచి. ఓబులమ్మ జవాబు వెతుక్కోలేదు, తొందరేముంది, అది ఎక్కడికీ పోదు. "ఆలోచించుకొని చెప్తా." "ఎప్పుడు చెప్తావు మా?" "అది కూడా ఆలోచించుకొనే చెప్తా." సుచిత్ర ఏదో అనబోయింది. మదాం ఎలోడీ పెదవుల మీద వేలు పెట్టుకుంది: ప్రశ్న అడిగాక ఆగాలి, అవతలి మనిషి మాట్లాడేదాకా. సుచిత్ర ఆగింది. రాఫెల్స్ ప్లేస్‌లో చంటి ఆగాడు, అతని ఊపిరి వినబడుతోంది. ఓబులమ్మ కాళ్ళు చాపుకొని, వెనక్కి గోడకు ఆనుకొని, తీరిగ్గా ఆలోచించడం మొదలుపెట్టింది.